మా అయ్య టిచ్ బటన్ల చొక్కా

నా చిన్నప్పుడు, ఒక ఏడాది పొడుగునా, వీధి నూతిలో చేద పడిన చప్పుడు కాస్త గట్టిగా వినిపిస్తే చాలు, మా అమ్మ చేతిలో పని వదిలేసి పరుగెత్తుకొచ్చేది. నూతి గట్టు మీద ఎవరో ఆడమనిషి నీళ్ళు తోడుకుంటూ కనిపించేది. అప్పుడు ఊపిరి పీల్చుకొని, ఏమీ జరగనట్టు వెనక్కి తిరిగేది. ఎందుకు పరుగెత్తావని ఎవరూ అడిగేవారు కాదు. మా అయ్య బతుకు మీద విసిగిపోయి ఉన్నాడని అందరికీ తెలుసు.

అవి అరవైల ఆఖరి రోజులు. మాది చోడవరం. మా అయ్య బెల్లం వండే మనిషి. చెరకు పాలు ఏ పాకానికి వచ్చాయో నురగ చూసి చెప్పేవాడు. ఆ ఏడాది పొయ్యి మీంచి పెద్ద పెనం దింపుతుంటే కర్ర జారి, కాగుతున్న పాకం కుడిచేతి మీద ఒలికిపోయింది. ప్రాణం దక్కింది. చెయ్యి మాత్రం మోచేతి దగ్గర వంగినది వంగినట్టే బిగుసుకుపోయింది. చంక దగ్గర చర్మం ముడుచుకుపోయి చెయ్యి పక్కటెముకలకి అతుక్కున్నట్టు ఉండిపోయింది.

చొక్కా తొడుక్కోడానికి వీల్లేదు. మొదట్లో తువ్వాలు కప్పుకొని వీధిలోకి వెళ్ళేవాడు. అది ఊరికే జారిపోయేది. ఒకరోజు అలా జారిపోతే ఎదురుగా వస్తున్న ఒకావిడ చంకలో బిడ్డ మొహాన్ని అటు తిప్పేసుకుంది. తప్పు పట్టడానికి లేదు, చూడలేకపోయింది అంతే. ఆ రోజు ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్న మనిషి మళ్ళీ గడప దాటలేదు. అమ్మ తెల్లారకముందే చెరకు నరకడానికి కూలికి పోయేది. నన్ను ఎనిమిదో తరగతిలో బడి మానిపించి అయ్య దగ్గర కాపలా ఉంచింది. పదమూడేళ్ళ గుంటని. కాపలా దేనికో నాకు చెప్పలేదు. చెప్పకపోయినా తెలిసింది.

మా పక్కింట్లో ఒకామె ఉండేది. తొక్కుడు మెషిను మీద వీధి ఆడవాళ్ళందరికీ జాకెట్లు, పిల్లలకి గౌన్లు కుట్టేది కాబట్టి ఆమెని మెషినత్త అనేవాళ్ళం. చుట్టరికం ఏమీ లేదు. ఆమె అరుగు మీద కూర్చుంటే మా గుమ్మం, లోపల మంచం కనిపించేవి. అందుకే అమ్మ నన్ను కుట్టు నేర్చుకోవడానికి ఆమెకి ఒప్పగించింది. అయ్య మీద ఒక కన్ను, పని మీద ఒక కన్ను.

అత్త నోరు మంచిది కాదు, చెయ్యి మంచిది. చాలా కాలం గుడ్డ ముట్టుకోనివ్వలేదు. పాత పేపర్ల మీద సుద్దతో గీయించేది, కత్తిరించమనేది. ఛాతీ కొలతలో నాలుగో వంతు ఎంత, భుజం ఎంత, చంక లోతు ఎంత అని లెక్క. ఇప్పుడు నా మనవరాలు విశాఖపట్నంలో ఫ్యాషను చదువు చదువుతూ దాన్నే డ్రాఫ్టింగ్ అంటోంది. పేరు ఏదైనా గీత గీతే. నేను ఒక్క గీత వంకర పెడితే అత్త ఆ పేపరుని ఉండ చుట్టి నా మీదకే విసిరేది. దారం ముక్క కింద పడేస్తే ఏరించేది. ఆ అలవాటు నాకు ఇంకా పోలేదు.

గానుగాట మొదలవబోతోందనగా అయ్యని పనిలో పెట్టుకున్న ఆసామి కబురు పంపాడు. చెరకు తూచే కాటా దగ్గర బళ్ళని వరసలో నిలబెట్టే పని ఒకటి ఉందనీ, ఒంటి చేత్తో చేసుకోవచ్చనీ, చొక్కా వేసుకొని తనంతట తాను నడిచి రావాలనీ. ఇంకొకరు చెయ్యి పట్టుకొని తీసుకొస్తే ఆ ఇంకొకరికే పని ఇస్తానని కూడా అన్నాడట. ఆ మాటలో తప్పేమీ లేదు. కాటా దగ్గర రోజంతా నలుగురిలో మెలగాలి. అయినా ఆ కబురు విన్న సాయంత్రం అయ్య తన చోడి అంబలి గిన్నె నా వైపు తోసేశాడు. ఆకలి లేదన్నాడు. ఆ మర్నాడూ అంతే.

ప్రమాదం జరిగినప్పుడు ఆసామి ఇచ్చిన కొత్త పంచె ఒకటి మడత విప్పకుండా పెట్టెలో ఉంది. అమ్మ దాన్ని తీసి నా ఒళ్ళో పెట్టింది. అయ్యకి చొక్కా కుట్టమంది. ఇంట్లో అంతకు మించి గుడ్డ లేదు.

అయ్య పడుకున్నప్పుడు టేపు పెట్టి కొలతలు తీసుకున్నాను. కుడిచెయ్యి బిగుసుకుంది కదా అని ఆ చేతి గొట్టం కాస్త వదులుగా పెట్టాను. నేర్చుకున్న లెక్క ప్రకారం గీసి, కత్తిరించి, కుట్టాను. ఊళ్ళో మగవాళ్ళు వేసుకునే, తలమీంచి దూర్చే చొక్కా. కాలరు నిలబడింది. కుట్టు ఎక్కడా వంకర పోలేదు. అత్త మెచ్చుకోలేదు గానీ తప్పు కూడా పట్టలేదు. దానికే నేను పొంగిపోయాను.

ఆ చొక్కా మా అయ్య ఒంటి మీదకి ఎక్కలేదు. తల దూరింది, ఎడమ చెయ్యి దూరింది. కుడిచెయ్యి దగ్గర ఆగిపోయింది. చెయ్యి ఒంటికి అతుక్కుని ఉంటే గొట్టం ఎక్కడినుంచి దూరుతుంది? అమ్మ కంగారుపడి లాగింది. ముడుచుకున్న చర్మం పగిలి నెత్తురు వచ్చింది. అయ్య అరవలేదు. చొక్కాని ఎడమ చేత్తో నెమ్మదిగా తీసేసి గోడవైపు తిరిగాడు.

"నన్నొగ్గేయండే" అన్నాడు.

ఆ మాట అరుపులా అనుంటే నాకు అంత భయం వేసేది కాదు. చాలా మెత్తగా అన్నాడు, సెలవు తీసుకుంటున్నట్టు. అమ్మ ఆ పూట కూలికి వెళ్ళలేదు. నూతివైపు ఉన్న తలుపుకి అడ్డంగా కూర్చుంది.

నేను ఆ చొక్కాని తీసుకెళ్ళి అత్త ఒళ్ళో పడేసి ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. చొక్కాని తిరగేసి, కుట్లు రెండు వైపులా లాగి చూసింది.

"కుట్టు బాగుంది. సొక్కా బాలేదు" అంది. "ఇలా రా గుంటా."

కత్తిరించగా మిగిలిన పంచె అంచు తీసుకొని నా కుడిచేతిని మోచేతి దగ్గర వంచి, పక్కటెముకలకి ఆనించి, చుట్టూ బిగించి కట్టేసింది. నేను పెనుగులాడాను. నొప్పి అన్నాను.

"సాయంత్రం దాకా ఇప్పీకు. ఇప్పితే మళ్ళీ నా అరుగెక్కకు" అంది. అంతే, మెషిను తొక్కడం మొదలుపెట్టేసింది.

నాకు ఆమె మీద పట్టలేనంత కోపం వచ్చింది. కన్నతండ్రి అలా పడుంటే ఈవిడకి ఆటగా ఉందా అనుకున్నాను. కానీ విప్పలేదు. విప్పితే కుట్టు పోతుంది, కుట్టు పోతే ఇంక మాకు ఏ దారీ లేదు.

నూతిలోంచి చేద లాగలేకపోయాను. జడ ఊడిపోతే వేసుకోలేకపోయాను. మధ్యాహ్నం ఇంటికొచ్చి నూకలన్నం ముందు పెట్టుకున్నాక చూస్తే తినడానికి ఉన్నది ఎడమ చెయ్యి. ఎడమ చేత్తో ముద్ద నోట్లో పెట్టుకోబోయి, ఎవరైనా చూస్తారేమోనని నాకు తెలియకుండానే గోడవైపు తిరిగాను. మా అయ్య ఇన్నాళ్ళుగా చూస్తున్నది ఏ గోడో అప్పుడు తెలిసింది.

భోజనం పక్కకి పెట్టి, అత్త దగ్గరనుంచి వెంట తెచ్చుకున్న ఆ పనికిరాని చొక్కాని తీసి, నా జాకెట్టు మీంచే తొడుక్కోడానికి ప్రయత్నించాను. ముందు కట్టేసిన చేతిని దూర్చబోయాను. కుదరలేదు. మెలికలు తిరిగిపోయి, మొహం చొక్కాలో ఇరుక్కుపోయి, ఊపిరాడక గింజుకుంటుంటే వెనకనుంచి మాట వినిపించింది.

"సెయ్యికేటయ్యిందే?"

అయ్య ఇటు తిరిగాడని మాటని బట్టి తెలిసింది. అత్త కట్టిందని చొక్కాలోంచే చెప్పాను. అప్పుడు అయ్య అన్నాడు.

"అలా కాదే. ముందు మంచి సెయ్యి. తరవాత తల. ఆ పక్క సెయ్యి ఒగ్గీ."

చెప్పినట్టు చేశాను. చొక్కా నా మీద సగం దిగి కుడిపక్క భుజం దగ్గర ఆగిపోయింది. అయ్య మంచం మీంచి లేచాడు. దగ్గరికి వచ్చి, ఎడమ చేతి వేలితో చొక్కా కింది అంచు దగ్గర మొదలుపెట్టి, పక్క కుట్టు వెంబడి పైకి, చంక కిందనుంచి చేతి గొట్టం చివరిదాకా ఒక గీత గీశాడు.

"ఇదంతా తెగ్గొట్టీ. మీంచి పడిపోతాది" అన్నాడు.

నేను గబగబా అత్త దగ్గరికి వెళ్ళాను. ఎవరు చెప్పారని ఆమె అడగలేదు. కళ్ళు మాత్రం మా గుమ్మం వైపే ఉన్నాయి. ఆమె నా చెయ్యి కట్టింది నా కోసమో, మంచం మీదున్న ఆయన చూస్తాడనో ఈనాటికీ నాకు తెలియదు. ఎన్నోసార్లు అడగాలనుకున్నాను. అడిగితే తిడుతుందని ఊరుకున్నాను.

ఆ పక్క కుట్లన్నీ విప్పి అంచులు మడిచి కుట్టాం. ఇప్పుడా చొక్కా తలమీంచి వేసుకుంటే కుడిపక్క దుప్పటిలా చేతిమీంచి జారుతుంది. మూసుకోడానికి నడుము దగ్గరా చేతి చివరా నాడాలు పెట్టాను. మర్నాడు మళ్ళీ చెయ్యి కట్టించుకుని, అయ్య ఎదురుగానే కూర్చుని నాడాలు కట్టి చూశాను. ఒంటి చేత్తో ముడి పడదు. ఒక కొస పళ్ళతో పట్టుకుని లాగాను.

"మేకలాగ ఆ నమలడం ఏటే?" అన్నాడు అయ్య. ఎన్నో నెలల తరవాత ఆయన నోట వచ్చిన ఎకసెక్కం అది. నాకు నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది.

నాడాలు తీసేశాను. అత్త తన పాత జాకెట్ల నుంచి టిచ్ బటన్లు ఊడదీసి ఇచ్చింది. ఒకదాని మీద ఒకటి పెట్టి బొటనవేలితో నొక్కితే చాలు, పట్టేస్తాయి. పక్కన వరసగా కుట్టాను. చంక దగ్గర, గాయానికి తగలకుండా, ఖాళీ వదిలేశాను.

తీసుకెళ్ళేటప్పుడు అత్త ఒకటే చెప్పింది. "మంచం మీద పెట్టేసి బయటికొచ్చీ. తలుపు దగ్గరకెయ్. పిలిసినా ఎల్లకు."

పొద్దున్నే చొక్కా పెట్టేసి, తలుపు దగ్గరగా వేసి బయట నిలబడ్డాను. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని అరుగు మీద కూర్చుంది. లోపలినుంచి మంచం కిర్రుమంది. తరవాత ఏమీ లేదు. గుడ్డ రాపిడి. ఒక మూలుగు. మళ్ళీ నిశ్శబ్దం. ఎంతసేపో. వేసుకోలేక మళ్ళీ గోడవైపు తిరిగిపోయాడనుకున్నాను. నా చెయ్యి తలుపు మీదకి వెళ్ళింది. పక్కింటి అరుగు మీంచి అత్త కళ్ళు ఉరిమాయి. తీసేశాను.

అప్పుడు టిక్కుమని చిన్న చప్పుడు వినిపించింది.

చాలాసేపటికి ఇంకోటి. ఆ తరవాత ఇంకోటి. అమ్మ లేచి నిలబడింది. తలుపు తెరుచుకుంది. మా అయ్య తెల్లటి చొక్కాతో గడప దాటి, మా ఇద్దరి మొహాలూ చూడకుండా, వీధి పొడుగునా నడుచుకుంటూ కాటావైపు వెళ్ళిపోయాడు.

ఎండ ఎక్కాక తిరిగొచ్చాడు. ముందురోజే ఆ పనిలో వేరే మనిషిని పెట్టేశారట. అమ్మ మొహం నల్లబడిపోయింది. లోపలికి వెళ్ళి మంచం ఎక్కేస్తాడని నేను గుమ్మంలోంచి పక్కకి తప్పుకున్నాను. ఆయన లోపలికి వెళ్ళలేదు. వీధి అరుగు మీద, నలుగురూ నడిచే చోట కూర్చుని మంచినీళ్ళడిగాడు. తాగి, చొక్కా మీద పడిన ఎర్రదుమ్ము దులుపుకున్నాడు.

"రేపు మాడుగుల ఎల్లి అడుగుతాను. దీన్నుతికితే ఆరాలి గదా. ఇంకోటి కుట్టే" అన్నాడు.

అమ్మ పాత చీర చింపి కుట్టాను. ఆ రెండు చొక్కాలు మార్చుకుంటూ అయ్య ఊళ్ళన్నీ తిరిగాడు. చాలాచోట్ల లేదన్నారు. సీజను సగం గడిచాక కె.కోటపాడు వైపు ఒకరి చెరకు తోటకి కాపలా దొరికింది. నూతిలో చేద పడితే అమ్మ పరుగెత్తడం మాత్రం అంతకు చాలా ముందే మానేసింది.

ఇప్పుడు నా మనవరాలు కాగితం మీద రంగులతో బట్టల బొమ్మలు వేసి తెస్తుంది. బాగుంటాయి. బాగున్నాయని అనడం నాకు చేతకాదు. ఇది ఏ మనిషికే, ఆ మనిషి ఎలా తొడుక్కుంటాదే అని అడుగుతాను. చెప్పలేకపోతే కుడిచెయ్యి ఇలా తెమ్మంటాను. వీధిలో వాళ్ళకి నేనింకా జాకెట్లు కుడతాను. కుట్టింది వేసుకోడానికి ఎవరైనా లోపలికి వెళితే, ఎలా ఉందని నేను అడగను. తలుపు బయట, గోడకి ఆనుకొని నిలబడి వింటాను.