తప్పంతా ఎలుకదే

మా మామయ్య షెడ్డుకి ఏ కారు వచ్చినా, ఏ రోగంతో వచ్చినా, చివరికి ఆయన చెప్పే కారణం ఒక్కటే: ఎలుక. బ్యాటరీ చచ్చిందా? ఎలుక. హారన్ మూగబోయిందా? ఎలుక. ఒకాయన సొంత ఇంటి గేటునే గుద్దుకుని, నలిగిపోయిన బంపరుతో, పక్కన కస్సుబుస్సుమంటున్న భార్యతో వచ్చాడు. మామయ్య కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, గడ్డం నిమురుకుని అడిగాడు.

"గేటు దగ్గర ఎలక అడ్డమొచ్చుంటుంది. పాపం, దాన్ని తప్పించబోయారు. అంతేనా అండీ?"

ఆయన ఒకసారి భార్య వంక చూసి, "అంతే, అంతే! సరిగ్గా అంతే!" అన్నాడు.

ఆ షెడ్డులో ఫోను ఎత్తేదాన్నీ, బిల్లులు రాసేదాన్నీ నేనే. "ఎలకల షెడ్డేనా అండీ?" అని అడిగేవాళ్ళు జనం. మొదట్లో ఉడుక్కునేదాన్ని. తర్వాత్తర్వాత "అవునండీ, చెప్పండి" అనడం అలవాటైపోయింది.

అలవాటు కానిది మా అత్తయ్యకే. ఆవిడ కాపురం షెడ్డు మీది మేడలో.

"ఏమండీ, మనింట్లో ఎలకలు గుంపులుగా తిరుగుతున్నాయని అందరూ అనుకుంటున్నారు. ఇవాళ కొట్టువాడు నేనడక్కుండానే ఎలకల మందు చేతిలో పెట్టాడు!"

"తెచ్చుకోలేకపోయావా?"

"ఎందుకూ? ఇంట్లో ఒక్కటైనా ఉంటే కదా!"

"అదిగో! మన పిల్లి ఎంత సమర్థురాలో ఇప్పటికైనా తెలిసిందా?"

ఆ సమర్థురాలు ఎప్పుడూ ఏదో ఒక కారు మీద, వెచ్చగా ఉన్న చోటు చూసుకుని, పరిచిన దుప్పటిలా పడుకుని ఉండేది. ఎలుక అన్న మాట వినపడితే ఒక చెవి ఆడించి, మళ్ళీ నిద్రలోకి జారుకునేది. తన పరువు అలా రోజూ గంగలో కలుస్తున్నా కిమ్మనేది కాదు.

ఎవరైనా నమ్మకపోతే మామయ్య దగ్గర సాక్ష్యం సిద్ధంగా ఉండేది. బిస్కట్ల డబ్బాలో జానెడు రబ్బరు గొట్టం, దాని మీద పళ్ళ గాట్లు. "ఇదిగో, మీ బండిలోదే" అని చూపించేవాడు. ఎర్ర కారు వాళ్ళకీ అదే గొట్టం, తెల్ల కారు వాళ్ళకీ అదే. ఒకసారి సైకిలు పంక్చరుకి వచ్చినాయనకి కూడా తీసి చూపించబోతే నేనే చెయ్యి పట్టుకుని ఆపాను. పొద్దున్నే షట్టరు ఎత్తి దణ్ణం పెట్టుకునేటప్పుడు, "స్వామీ, మా మామయ్య చేతి పని శుద్ధమైనది. నోటి మాటలు మాత్రం పట్టించుకోకు" అని రోజూ మొక్కుకునేదాన్ని.

ఒకరోజు పళ్ళ డాక్టరమ్మ వచ్చింది. వెంట వాళ్ళ నాన్నగారు. ఆయన దూరప్రాంతాల బస్సులు నడిపి రిటైరైన డ్రైవరు. వీధిలో పిల్లలకి ఎక్స్‌ప్రెస్ తాతగారు.

"అన్నయ్యగారూ, ఇంజను దీపం పసుపుపచ్చగా వెలుగుతోంది, ఆరట్లేదు. వెనకాల పెట్రోలు వాసన. పెట్రోలు పోయించినప్పుడల్లా స్టార్టవడానికి ఏడిపిస్తోంది. నడిపేది నాన్నే. ఆయనేదో చేస్తున్నారు" అంది.

"నేనేం చేశానే? నా సర్వీసులో ఒక్క..."

"ఆ సర్వీసు సంగతి దారి పొడుగునా విన్నాను నాన్నా." మామయ్య వైపు తిరిగింది. "తప్పు ఈయనదని తేలితే మాత్రం తాళాలు నేను తీసేసుకుంటాను. పిల్లని ఈత క్లాసుకి ఎలాగోలా నేనే పంపుకుంటాను. వయసైపోయింది, ఒప్పుకోరు."

సాయంత్రం వస్తానని చెప్పి ఆవిడ క్లినిక్‌కి వెళ్ళిపోయింది. తాతగారు స్టూలు మీద కూలబడ్డారు. రోజూ మనవరాలిని ఈతకి తీసుకెళ్ళి, ఒడ్డున తువ్వాలు పట్టుకుని నిలబడి, తీసుకురావడం. అన్ని దూరాలు తిరిగిన మనిషికి ఇప్పుడు మిగిలింది ఆ ఒక్క ట్రిప్పే.

మామయ్య స్కానరు తగిలించి చదివాడు. "ట్యాంకులో ఆవిరి ఎక్కడో దారి తప్పుతోందట" అన్నాడు. ముందు పెట్రోలు మూత తీసి చూశాడు. రబ్బరు రింగు నిక్షేపంగా ఉంది. "సరే, పొగ పెడదాం" అని పొగ మిషను దొర్లించుకొచ్చాడు. ట్యాంకు గొట్టాల్లోకి తెల్లటి పొగ పంపిస్తే, ఎక్కడ బయటికొస్తే అక్కడ లోపమున్నట్టు. గొట్టం బిగించేలోపు కాస్త పొగ పైకి పోయింది.

"ఏమండీ! కింద ఏదో తగలబడుతోంది!" మేడ మీంచి అత్తయ్య.

"ఏం లేదే! ఎలకకి పొగ పెడుతున్నా!"

తాతగారూ నేనూ కారు కిందకి వంగి, మెడలు పట్టేసేదాకా వెతికాం. ఎక్కడా పొగ జాడ లేదు. ఇంతలో కారు ముందు వైపు నుంచి పెద్ద తుమ్ము. బానెట్టు ఎత్తి ఉంది కదా, పిల్లి వెళ్ళి ఇంజను పక్కన, గాలి పీల్చే డబ్బా మీద పడుకుంది. పొగ సన్నగా దాని ముక్కు కిందనుంచే వస్తోంది. పుట్టి బుద్ధెరిగాక అది ఏదైనా పట్టుకోవడం అదే మొదటిసారి.

"శభాష్!" అని మామయ్య అక్కడున్న బుల్లి వాల్వు ఊడదీసి అరచేతిలో తట్టాడు. నల్లటి రవ్వలు రాలాయి.

"బొగ్గు" అన్నాడు.

"కారులో బొగ్గేంటయ్యా, ఇదేమన్నా రైలా?" అన్నారు తాతగారు.

"ఉంటుంది బాబాయిగారూ. ట్యాంకులోంచి లేచే ఆవిరి గాల్లో కలవకుండా వెనకాల ఓ బొగ్గు డబ్బా పట్టుకుంటుంది. ఇంజను నడిచేటప్పుడు ఈ వాల్వు తలుపు తీస్తే, ఆ ఆవిరిని లాక్కుని కాల్చేస్తుంది. రవ్వలు ఇరుక్కుని తలుపు మూసుకోవట్లేదు. అందుకే పెట్రోలు పోయించగానే ఆవిరంతా ఇంజనులోకి ఎగబడి స్టార్టవట్లేదు. కానీ బొగ్గు ఇంతదూరం ఎందుకొచ్చిందో చూడాలి."

వెనకాల డబ్బా విప్పి చేతిలోకి తీసుకుని, "ఇంత బరువుండకూడదే" అంటూ వంచాడు. పళ్ళెంలోకి పెట్రోలు బొటబొటా కారింది. ఆవిరి ఉండాల్సిన డబ్బాలో అసలు పెట్రోలే నిండి, బొగ్గుని నానబెట్టి రవ్వలు చేసేసింది.

మామయ్య డబ్బాని పళ్ళెం పక్కన పెట్టాడు. తర్వాత చాలా మెత్తగా అడిగాడు. "బాబాయిగారూ, మీరు పెట్రోలు ఎలా పోయిస్తారు?"

ఆ ప్రశ్నకి తాతగారి ప్రాణం లేచొచ్చింది. స్టూలు మీంచి లేచారు. "బంకులో టక్‌మని ఆగుతుంది చూడు, అక్కడ ఆపేసేవాడు డ్రైవరే కాడు! బస్సునిండా జనం, దారి మధ్యలో ఆయిలైపోతే? అందుకని బండిని ఊపాలి." రెండు అరచేతులూ కారు ఒంటికి ఆనించి ఊపడం మొదలెట్టారు. "ఇలా! ఇలా ఊపితే బుడగలు పోతాయి. మళ్ళీ పోయాలి. మెడ దాకా కంటికి కనపడాలి."

పిల్లి చిరాకుగా లేచి ఇంకో కారు మీదకి మారింది.

"ఈ కారుకీ ఇలాగేనా?"

"మరి? మనవరాలు ఎక్కే బండయ్యా! దారిలో ఆగిపోతే పిల్ల బెంబేలెత్తిపోదూ?"

అంటూనే ఆయన చూపు పళ్ళెంలోని పెట్రోలు మీద పడింది. ఊపుతున్న చేతులు ఆగిపోయాయి. బుర్ర చురుకైన మనిషి, విడమరిచి చెప్పక్కర్లేకపోయింది.

"పైన పోసిందంతా ఇందులోకి దిగిందా?"

"బస్సుకి ఈ డబ్బా ఉండదు బాబాయిగారూ. మీ పద్ధతి బస్సుకి సరైనదే."

"అయితే నేనే" అని ఆయన జేబులోంచి తాళాలు తీసి స్టూలు మీద పెట్టారు. "అమ్మాయికి చెప్పెయ్ నాయనా. ఇచ్చేస్తాను."

"మీరని ఎవరన్నారు? ఎలక!"

"ఎలకేంటయ్యా?"

"ఎలకే. కాకపోతే ఈ జాతి ఎలకకి టక్ అన్నాక పోసిన పెట్రోలంటే మహా పిచ్చి. టక్ అనగానే ఆపేశారనుకోండి, ఈ చాయలకే రాదు."

తాతగారు మామయ్య చెయ్యి పట్టుకున్నారు. "ఒట్టు. ఇకనుంచి చుక్క ఎక్కువ పోయిస్తే నన్నడుగు" అన్నారు.

మామయ్య కొత్త డబ్బా, కొత్త వాల్వు వేసి, గొట్టాలన్నీ శుభ్రం చేసి, దీపం ఆర్పాడు. తర్వాత తాతగారినే స్టీరింగు ముందు కూర్చోబెట్టి, తను పక్కన కూర్చుని, ఊరంతా ఒక చుట్టు తిప్పించుకొచ్చాడు.

సాయంత్రం డాక్టరమ్మ వచ్చింది. "తేలిందా అన్నయ్యగారూ? ఎవరిది?"

"ఎలకదమ్మా."

"ఏ ఎలక?"

బిస్కట్ల డబ్బా తెరుచుకుంది. ఆవిడ గొట్టం అందుకుని, రోజంతా నోళ్ళలోకి చూసే అలవాటు కదా, దీపం కిందకి తీసుకెళ్ళి అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఎలక ముందు పళ్ళు దగ్గరదగ్గరగా ఉంటాయి అన్నయ్యగారూ. ఈ గాట్ల మధ్య ఇంత సందుంది. పైగా ఎడం పక్క పన్ను వంకర."

ఎప్పుడూ నవ్వు మొహంతో ఉండే మామయ్య టక్కున నోరు మూసేసుకున్నాడు. నేను ఆయన ఎత్తుకుంటే పెరిగినదాన్ని. ఆ సందూ, ఆ వంకర పన్నూ నాకు కొత్తా? నాకు నవ్వాగక బిల్లు పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

"అమ్మాయ్, అసలు సంగతేంటంటే..." అని తాతగారు గొంతు సవరించుకున్నారు.

ఆవిడ తండ్రి వైపు చూసింది. కారు ఒంటి మీది దుమ్ములో పడిన రెండు అరచేతుల ముద్రల్ని చూసింది. మళ్ళీ మూతి బిగించుకుని నిలబడ్డ మామయ్యని చూసింది. మెల్లగా గొట్టాన్ని డబ్బాలో పెట్టి మూతేసింది.

"మళ్ళీ వస్తుందా అన్నయ్యగారూ, ఈ ఎలక?"

"రాదమ్మా. నాదీ పూచీ. నాన్నగారి పక్కన కూర్చుని ఊరంతా తిరిగొచ్చాను. కడుపులో టీ కదిలితే ఒట్టు."

"అయితే ఎలకే" అందామె. కారుకే ఉన్న తాళాలు తీసి తండ్రి చేతిలో పెట్టింది. "పదండి నాన్నా, పిల్లకి ఈతకి టైమైంది. మీరే నడపండి."

కారెక్కబోతూ ఆగింది. "అన్నయ్యగారూ, ఆ ఎలకని ఒకసారి క్లినిక్‌కి రమ్మనండి. రబ్బరు కొరికీ కొరికీ ఎడం పన్ను కదిలిపోయుంటుంది."

వాళ్ళు వెళ్ళాక అడిగాను. "ఎందుకు మామయ్యా ఇదంతా?"

"మనుషులకి ఇంటికెళ్ళి మొహాలు చూపించుకోవాలి కదే. ఎలకదేముంది, దాన్నెవరడుగుతారు?" అని చేతులు తుడుచుకున్నాడు.

మర్నాడు దణ్ణం పెట్టుకునేటప్పుడు నా మొక్కు మార్చుకున్నాను. "స్వామీ, మా ఎలకని చల్లగా చూడు" అన్నాను.

ఆ వారంలోనే మామయ్య క్లినిక్‌కి వెళ్ళి, నోట్లో ఇంత దూది పెట్టుకుని, ఉబ్బిన బుగ్గతో వచ్చాడు. అత్తయ్య గాభరాగా మెట్లు దిగొచ్చింది. "అయ్యో, ఆ బుగ్గేంటండీ? ఏమైందండీ?"

ఆయన నోట్లోని దూది వైపు వేలు చూపించాడు. దీనంగా నా వైపు చూశాడు.

"ఏం లేదత్తయ్యా, ఎలక కొరికింది" అన్నాను.