విత్తనపు చేపలు

పన్నెండేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. తూకం వేస్తే ఏడు చేపలంతే. దించుకోవడానికి మనిషి దొరకలేదు. మీరెవరో నాకు తెలియదు కనుకే మీకు చెప్పగలుగుతున్నాను.

డెబ్భైల చివర్లో చిత్తూరుకు పడమరగా ఒక చిన్న ఊళ్లో బడిపంతులుగా ఉండేవాణ్ని. వరసగా మూడో ఏడు వానల్లేవు. చెరువు ఎండిపోయి, దాని లోపల ఒక మూల చిన్న కుంట మిగిలింది. మా బడి వసారా అంత. ఆ ఊరికొక కట్టుబాటు ఉంది. కరువులో ఆఖరి కుంటలోని కొరమీన్లను ఎవరూ ముట్టరు. అవి విత్తనం. నీళ్లు మోకాటి లోతుకు దిగితే వాటిని కడవల్లో ఎత్తి పెద్ద బావిలో వదులుతారు. చెరువు నిండాక మళ్లీ తెచ్చి పోస్తారు. గంజికి లేనివాళ్లు కూడా ఆ కట్టు తప్పలేదు.

కాపలా నీరుగంటి మునెప్పది. తూము తీసి పొలాలకు నీళ్లు పంచడం వాళ్ల తాతల నాటి పని. నీళ్లు లేని ఏడు ఆ చేపలే అతని ఉద్యోగం. ఒంటిపూట బడులు కనుక మధ్యాహ్నం నేను పుస్తకం పట్టుకుని గట్టు మీద కూర్చునేవాణ్ని. మునెప్ప సంగటి తినడానికి ఇంటికి పోతూ కుంటను నాకే అప్పగించి పోయేవాడు. అయ్యవారు ఉన్నారు కదా అని.

నా సంచిలో గాలం ఉండేది. ట్రైనింగులో ఒక డ్రాయింగు మాస్టారు నేర్పిన విద్య. గాలానికి పుంజు మెడ ఈకలు పట్టుదారంతో చుడితే తూనీగలా ఉంటుంది. ఎర అక్కర్లేదు, నీళ్లలో దిగక్కర్లేదు. సన్నటి వెదురుబద్దతో గట్టు మీది నుంచే విసిరి, నీటి మీద వాలనిస్తే చాలు. కొరమీను గాలి కోసం పైకి వచ్చేది. ఈకను చూసేది.

ఆకలి కాదు. నెల జీతం వచ్చేది. మరెందుకు? ఏదీ కదలని ఆ ఎండలో దారం చివర ఒక ప్రాణం గుంజినప్పుడు చేతికి తెలిసే ఆ బిగువు కోసం, ఒక్కటే అనుకుంటూ, ఒక్కటి పోతే ఏమవుతుందిలే అనుకుంటూ, ఏడు వారాల్లో ఏడు పట్టాను. గదికి తెచ్చుకుని ఒంటరిగా వండుకుని తిన్నాను. చివరిదాని కడుపులో గుడ్లున్నాయి. అప్పుడైనా ఆగానా? ఆగాను. చేపలు అయిపోయాయి కనుక.

నీళ్లు దిగిన రోజు ఊరంతా కడవలతో వచ్చింది. వల వేస్తే బురద వచ్చింది. పెద్దలు చుట్టూ వెతికారు. వల ఈడ్చిన జాడ లేదు. బురదలో అడుగు లేదు. జాడ చెరిపేంత తీరిక కాపలావాడికి తప్ప ఎవరికుంటుందని తేల్చారు.

"రెక్కలొచ్చి ఎగిరిపోయినాయేమోలే అబ్బా," అని ఎవరో నవ్వారు.

మునెప్ప నా వైపు తిరిగాడు.

"అయ్యవారూ, దినామూ ఈడనే కూసోనుంటిరి గదా. నేను చేప ముట్టింది ఎప్పుడన్నా సూసినారా? ఒక్క మాట చెప్పండి సామీ."

"నేను పుస్తకం చదువుకుంటా ఉంటిని మునెప్పా. గమనించలేదు."

"సరేలే సామీ. సూడనిదాన్ని గురించి మీరెట్ల చెప్తారు."

నా నిజాయితీని అతనే కాపాడాడు.

నీరుగంటి పని అతని దాయాదికి పోయింది. నెల తిరక్కుండా మునెప్ప పెళ్లాంతో నాయుడుపేట వైపు కూలికి పోయాడు. మరుసటి ఏడు చెరువు నిండింది. అందులో కొరమీను లేదు. నేను బదిలీ అడిగి పుచ్చుకున్నాను.

ఒకసారి బస్సులో పోతుంటే నాయుడుపేట బస్టాండులో మునెప్ప చుట్టుకునేలాంటి తలపాగానే కనిపించింది. అతనేనా? దిగి చూడొచ్చు. బస్సు చాలాసేపు ఆగింది. దిగలేదు.

క్షమించమని అడగడం లేదు. అడగాల్సింది మిమ్మల్ని కాదు. ఆ రోజు గట్టు మీద, అంతమంది ముందు చెప్పాల్సిన మాట ఇక్కడ రాస్తున్నాను. రాస్తుంటే గుండె కొంచెం తేలికవుతోంది. ఆ తేలికకు కూడా నేను తగనేమో.

మునెప్ప ముట్టలేదు. ఏడూ నేనే పట్టినాను.