చూడవచ్చేవాళ్లు తెచ్చే బ్రెడ్డు

మా అయిజలో ఒంట్లో బాగాలేని వాళ్లను చూడటానికి ఎవరూ ఒట్టి చేతులతో రారు. బ్రెడ్డు ప్యాకెట్ తెస్తారు. కాలు విరిగినా బ్రెడ్డే, కళ్లు తిరిగినా బ్రెడ్డే. నా బిడ్డకు నాలుగేళ్లు దాటినప్పటి నుంచి విరేచనాలు పట్టుకున్నాయి. పొట్ట ఉబ్బింది, కాళ్లూ చేతులూ పుల్లలయ్యాయి. అన్నం అరగడం లేదేమోనని మాన్పించి, వచ్చిన బ్రెడ్డంతా పాలలో నానబెట్టి తినిపించాం. పిల్ల చిక్కిపోతున్నకొద్దీ చూడవచ్చేవాళ్లు పెరిగారు, బ్రెడ్డూ పెరిగింది.

నులిపురుగుల మందు, తాయెత్తు, దిష్టి అన్నీ అయ్యాక కర్నూలు తీసుకెళ్లాం. అక్కడి పిల్లల డాక్టరు రక్తపరీక్ష చేయించి, నోట్లోంచి గొట్టం వేసి, పేగులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. సీలియాక్ జబ్బు అని తేల్చారు. గోధుమ తిన్నప్పుడల్లా పిల్ల ఒళ్లే తన పేగును దెబ్బతీసుకుంటుందట.

"దీనికి మందు లేదమ్మా. గోధుమపిండి, మైదా, రవ్వ, బార్లీ జన్మంతా బంద్. జర కూడా పెట్టొద్దు. అన్నం, జొన్నలు, పప్పు, గుడ్లు మంచిగ పెట్టు."

అంటే మేం మాన్పించింది పడే తిండిని, పెట్టింది పడని తిండిని. ఎవరిని తిట్టాలో తెలియక దారంతా బస్సు కండక్టరు మీద విసుక్కున్నాను.

జొన్నరొట్టెలు తినే ఇల్లు మాది, ఎంత కష్టంలే అనుకున్నాను. కానీ పిండి గిర్నీలో గోధుమలు పట్టాక మా జొన్నలు పోస్తే ఆ పిండి ఇందులో కలుస్తుంది. అందుకని ఇంట్లోనే మిక్సీలో పట్టుకుంటున్నాను. ఇంగువలోనూ గోధుమపిండి ఉంటుందంటే అదీ మానేశాను. వంటిల్లు నా చేతిలో ఉంది. చుట్టుపక్కల వాడకట్టు నా చేతిలో లేదు.

ఎదురింటి అవ్వకు నా బిడ్డంటే ప్రాణం.

"బ్రెడ్డు తింటే రోగమొస్తదానే? మా కాలంల రోగమొస్తెనే బ్రెడ్డు దొరుకుతుండె" అంది.

ఎంత చెప్పినా వినలేదు. ఓరోజు కోపం ఆగక, తెచ్చిన బ్రెడ్డు ప్యాకెట్ ఆమె చేతిలోనే తిరిగి పెట్టేశాను. ఆ తర్వాత ఆమె రాలేదు. మిగతావాళ్లూ, ఏది పెడితే ఏమైతదో మనకెందుకులే అని తగ్గిపోయారు. నేను వద్దన్నది బ్రెడ్డును, రావడం మానింది మనుషులు.

పిల్లకు మాత్రం రంగొచ్చింది. గౌను భుజాల దగ్గర బిగువైంది. అది చూసి మురిసిపోతుండగానే మొన్న మళ్లీ విరేచనాలు మొదలయ్యాయి. ఏం తిన్నావే అంటే ఎంతకూ నోరు విప్పదు. బుజ్జగిస్తే చివరికి చెప్పింది. నేను విత్తనాల కోసం వేసే సీడుపత్తి చేనులో పనికి పోయినప్పుడు అవ్వ వస్తోందట, బన్ను తెస్తోందట.

ఒళ్లు మండిపోయింది. ఆమెను కడిగేద్దామని గడప దిగబోతే బిడ్డ నా కొంగు పట్టుకుంది.

"అవ్వనేమనకమ్మా. నేనే తెమ్మన్న."

"కడుపు నొస్తది గద బిడ్డా, తెల్వదా?"

"తెలుసు. తినకుంటే ఎవ్వరొస్తలేరు గద."

అంతలోనే పిల్ల పొట్ట పట్టుకుని పెరట్లోకి పరుగెత్తింది. నేను చెంబుతో నీళ్లు ముంచుకుని వెనకాలే వెళ్లాను.