మొదటి ఆకు ఎవరు నమలాలి

మూలకుళంలోని తమలపాకు తోటలో పద్దెనిమిదేళ్లుగా తీగలు కడుతున్న కేశవులుకు కోపం తొందరగా రాదు. వచ్చిందంటే మాత్రం ఎవరి మాటా వినడు. ఆ ఏడు ఆకుకు కుళ్లు తెగులు తగిలింది. యజమాని పట్టాభిరామన్ పరాసుల దేశం నుంచి, అంటే ఫ్రెంచివాళ్ల దేశం నుంచి, ఓడలో ఒక పిచికారీ తెప్పించాడు. అక్కడ ద్రాక్షతోటలకు కొట్టేదట. రాగి డబ్బా వీపుకు తగిలించుకుని ఎడమచేత్తో మీట ఆడిస్తే లోపల గాలి బిగుసుకుంటుంది. కుడిచేతి గొట్టం నుంచి మైలుతుత్తం, సున్నం కలిపిన నీలిమందు మంచులా చిమ్ముతుంది. కేశవులే కొట్టాడు. తెగులూ ఆగింది.

మూడోనాడే ఆకు కోయమన్నాడు యజమాని మహానుభావుడు. పెళ్లిళ్ల రోజులు, బేరం పోతుందట.

"ద్రాక్షాకు ఎవురూ తినరు సామీ. మనోళ్లు ఆకే నములుతారు. రెండు వారాలు ఆగండి, లేదంటే కడగనీండి," అన్నాడు కేశవులు.

"కడిగితే గంపలో కుళ్లిపోతాది. కొయ్యి."

కేశవులుకు ఒళ్లు మండిపోయింది. పళ్లు కొరుక్కుంటూనే కోశాడు.

ఆ తోటల్లో ఒక ఆనవాయితీ ఉంది. కోతనాడు మొదటి ఆకు యజమాని నమిలాకే వర్తకులు గంప ముట్టుకుంటారు. వచ్చిన ఇద్దరు వర్తకుల ముందు కేశవులు ఆకు తీసి పట్టాభిరామన్ చేతికిచ్చాడు. ఆయన అలవాటుకొద్దీ దాన్ని పంచెకు తుడిచాడు. తెల్లపంచె మీద నీలిమరక పడింది. ఆకు పట్టుకున్న చెయ్యి నోటిదాకా వెళ్లి ఆగిపోయింది.

"నువ్వు నములు," అన్నాడు కేశవులుతో.

"మొదటాకు మీది సామీ. మీరు నమిలితే నేనూ నములుతా."

పట్టాభిరామన్ ఆకు కింద పడేశాడు. వర్తకులు గంప ముట్టుకోకుండానే వెళ్లిపోయారు. సిగ్గుపడాల్సింది పోయి ఆయన కేశవులును తోటలో అడుగు పెట్టొద్దన్నాడు, గంపలు బండికెత్తించి పెద్ద బజారుకు తోలించాడు.

పని పోయినందుకు కాదు కేశవులు కడుపు మండింది. తాను నోట పెట్టని ఆకు ఊరిచేత తినిపిస్తాడా ఈ మనిషి? అడ్డదారిన పరుగెత్తి, బండి కంటే ముందే బజారు చేరాడు. ఆకులమ్మే ఆడవాళ్లలో ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి చెప్పాడు.

"మా తోటాకు కొనమాకండి. మందు కొట్టిందది."

ఏళ్ల తరబడి అతని దగ్గరే ఆకు తీసుకునే మీనాంబాళ్ నమ్మలేకపోయింది. "ఏందన్నా, నువ్వు పెంచిన ఆకే గదా?"

"నేనే పెంచినా. మందు కొట్టింది కూడా నేనే. కొనమాక తల్లీ."

ఆ మాట అంటుంటే కేశవులుకు ఏడుపొచ్చింది. బండి వచ్చి ఆగింది. ఆకు కొనడానికి ఒక్క ఆడమనిషీ లేవలేదు.