స్టీరింగ్ వదిన కొన్న లినక్స్ లాప్‌టాప్

డిపోలో అందరూ ఆమెను స్టీరింగ్ వదిన అంటారు. పగలంతా సిటీ బస్సు నడిపి, ఇంటికొచ్చాక చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని బస్సు చప్పుళ్ళతో పాటలు కడుతుంది. గాలి బ్రేకు బుస్సుమనడం, తలుపు టపీమనడం, వానలో వైపరు కీచుమనడం, అన్నీ ఆమె ఫోన్‌లో భద్రంగా ఉంటాయి. ఆ పాటలు విన్నది మరదలొక్కతే. మొగుడికి వినిపించాలన్నా వదినకు సిగ్గు.

మరదలంటే భర్త చెల్లెలు, ఆసుపత్రి ల్యాబులో పని. ఆమె లాప్‌టాప్ అందరిలా విండోస్ మీద కాక, ఉచితంగా దొరికే లినక్స్ మీద నడుస్తుంది. చప్పుళ్ళను కత్తిరించి అతకడం వదిన నేర్చుకున్నది దాని మీదే.

ఇంతలో డిపో మెకానిక్ బాబాయి పదవీ విరమణ దగ్గరపడింది. ఆయనకు బస్సుల పాట ఒకటి కానుకివ్వాలని వదిన ఉబలాటం. సరిగ్గా అప్పుడే మరదలికి ప్రమోషన్ పరీక్షలొచ్చి లాప్‌టాప్‌కి తీరిక లేకుండా పోయింది.

"నచ్చింది ఏదో ఒకటి కొనెయ్ వదినా, లినక్స్ నేనెక్కిస్తాగా" అంది మరదలు.

"వద్దు తల్లీ. మీ అన్నయ్య లాప్‌టాప్‌లో ఎక్కించావు, మైకు కాస్తా మూగబోయింది. కొత్త బస్సు కొని ఇంజను నేను బిగించుకోవాలా? తయారుచేసినవాళ్ళే వేసి, అన్నీ సరిచూసి ఇచ్చింది కావాలి నాకు."

"ఆ ఒక్క మైకునీ ఈ జన్మలో మర్చిపోవు కదా!"

ఇద్దరూ కలిసి దుకాణానికి వెళ్ళారు. లినక్స్ అనగానే సేల్స్ కుర్రాడు బుర్ర గోక్కుని, లోపలి నుంచి ఒకటి తెచ్చాడు. మీట నొక్కితే నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, చివర మినుకుమనే గీత. అంతే.

"ఇదేంటి బాబూ? ఎక్కడానికి మెట్లు లేవు, కూర్చోడానికి సీట్లు లేవు!"

మరదలు నవ్వాపుకోలేకపోయింది. "పేరుకి వేసి పంపారు వదినా. మిగతాదంతా మనమే ఎక్కించుకోవాలి."

"అయితే దీన్ని లోపల పెట్టెయ్ నాయనా."

రెండోదాంట్లో లినక్స్‌ని కంపెనీవాళ్ళే పూర్తిగా వేసిచ్చారు. తెరవగానే రంగుల తెర పలకరించింది, ఏ భాష కావాలని అడిగింది. తెలుగు కూడా ఉండటం చూసి వదిన మొహం చాటంతయింది. వైఫై తగులుకుంది. మూత మూసి తెరిస్తే, ఎక్కడ ఆపిందో అక్కడే కనిపించింది. ఇక మిగిలింది మైకు.

"ఏదైనా మాట్లాడండి మేడమ్" అన్నాడు కుర్రాడు.

అంతమంది ముందు సిగ్గేసి వదిన పక్కకు తప్పుకోబోయింది. మరదలు పక్కటెముకల్లో ఒక్క పోటు పొడిచింది. ఉలిక్కిపడి, నోటికొచ్చిందే అందుకుంది వదిన: "బుస్స్... టప్ టప్... కీచ్! బుస్స్... టప్ టప్... కీచ్!"

కుర్రాడు ఉండబట్టలేక అట్టపెట్టె మీద దరువేశాడు. చార్జర్ కొనడానికొచ్చిన పెద్దావిడ చప్పట్లు కలిపింది. కుర్రాడు రికార్డింగు ఆపి వినిపిస్తే, మైకు ఒక్క కీచు కూడా వదలకుండా పట్టేసింది. దుకాణమంతా ఒకటే నవ్వు.

"ఇంతకీ ఇది ఏ రూటు బస్సమ్మా?" అంది పెద్దావిడ.

"ఇంకా రూటు పడలేదండీ. ఇదిగో, ఇవాళే బండి దొరికింది" అంది వదిన. సిగ్గు ఎప్పుడు పోయిందో ఆమెకే తెలీదు.

వీడ్కోలు సభలో ఉపన్యాసాలు అయ్యాక వదిన లాప్‌టాప్‌ని స్పీకర్లకు తగిలించింది. బ్రేకు బుస్సుమంది, తలుపులు తాళం వేశాయి, వైపరు రాగం తీసింది. మెకానిక్ బాబాయి కాసేపు కళ్ళు మూసుకుని తలాడించాడు. ఆ తర్వాత కుర్చీలోంచి లేచి, రెండు చేతులూ వైపర్లలా ఊపుతూ చిందేశాడు. ఆయన వెనకే డ్రైవర్లు, కండక్టర్లు, ఆఖరికి మేనేజరుగారూను.

వెనక వరుసలో కూర్చున్న మొగుడు పక్కనున్న చెల్లెల్ని తట్టాడు. "ఎవరే ఇది కట్టింది? భలే ఉందే!"

"నీ పెళ్ళామే అన్నయ్యా!"

అతను కుర్చీలోంచి లేచాడు. పాట అయిపోగానే జనాన్ని తోసుకుంటూ ముందుకెళ్ళాడు.

"మళ్ళీ పెట్టవే" అన్నాడు, "ఇందాక నువ్వని తెలీక ఊరికే విన్నాను."