వేళ్ల వెనకవైపు

మా మరిది భార్య, అంటే నా యారాలు, షాక్ కొట్టినా చెయ్యి అతుక్కుపోకుండా, ఏ కరెంటు వస్తువునైనా ముందు వేళ్ల వెనకవైపుతో తాకి చూసేది. ఆ చెయ్యి చూస్తేనే నాకు ఒళ్లు మండేది.

భూపాలపల్లిలోని మా క్వార్టర్‌లో కంప్యూటర్ ప్లగ్గు పెట్టగానే ఇంట్లో కరెంటు ట్రిప్ అయ్యేది. మా ఆయన ప్లగ్గులో, లీకైన కరెంటును భూమిలోకి పంపే ఎర్త్ తీగ పీకేశాడు. ట్రిప్పవడం ఆగింది. అత్త కొడుకును మెచ్చుకుంటుంటే నేనూ మురిసిపోయాను. అంతలో యారాలు వచ్చి కంప్యూటర్ డబ్బాను అలాగే వేళ్ల వెనకవైపుతో తాకి, షాక్ కొట్టడంతో చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకుంది.

"రోగం పోలే అక్కా, దాని నోరు మూసిండ్రంతే."

ఎర్త్ తీగ మళ్లీ కలిపి, కంప్యూటర్ లోపల కరెంటు లీకవుతున్న పవర్ సప్లై మార్పించింది. ట్రిప్పూ లేదు, షాకూ లేదు.

ఇప్పుడామె మహబూబాబాద్‌లో ఉంటుంది. ఇక్కడ కాలనీ మొత్తానికి కరెంటు పోయినా అత్త నాతోనే అంటుంది: "జర చిన్న కోడలికి ఫోన్ జెయ్యరాదూ!"