పుత్తూరు కట్టు, మట్టల ఆదివారం

సలహా అడగడంలో సుందరరాజును మించినవాడు బంగారుపాళ్యంలో లేడు. అడిగిన సలహా వినకపోవడంలో అయితే చిత్తూరు జిల్లా మొత్తం గాలించినా జోడీ దొరకడు. మనిషి మాత్రం బంగారం, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. మామిడికాయలు నింపే చెక్కపెట్టెలు కొట్టే వడ్రంగి. ఆదివారం వస్తే చర్చిలో డోలక్ ఆయనదే. పన్నెండేళ్ళుగా ఆ డోలక్ మీద ఇంకొకరి చెయ్యి పడనివ్వలేదు.

డెబ్బై ఎనిమిదో సంవత్సరం, ఈస్టరు ముందర చర్చికి సున్నం కొడతానని ఈయన నిచ్చెన ఎక్కినాడు. "కింద ఎవరినైనా పట్టుకోమనయ్యా" అని భార్య శకుంతలమ్మ చెప్పింది. "నాకా చెప్పేది!" అని నవ్వినాడు. నవ్వు ముగిసేలోపల నిచ్చెన జారింది. సున్నం డబ్బా ఒకపక్క, సుందరరాజు ఒకపక్క. కుడి మణికట్టు విరిగింది.

చిత్తూరులో బస్సు మారి భార్యాభర్తలు పుత్తూరు పోయినారు. కట్టు కట్టే పెద్దాయన ఎముకను సరిచేసి, ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొన పట్టించి, వెదురుబద్దలు పెట్టి గుడ్డ బిగించినాడు. "మూడు కట్లు కట్టాల. నెలన్నర పడుతుంది. నేను విప్పేదే గానీ ఇంకెవురూ విప్పకూడదు. నెప్పి తగ్గింది గదా అని విప్పినావంటే ఎముక వంకరగా అతుకుతుంది. ఇంక సుత్తి పట్టలేవు నాయనా." సుందరరాజు తల ఊపినాడు. తల ఊపడానికేం, ఎవరైనా ఊపుతారు.

రెండో కట్టు పడిన మూడోనాటికి నొప్పి పోయింది. వచ్చే ఆదివారమే మట్టల ఆదివారం. ఈతమట్టలు, కొబ్బరిమట్టలు పట్టుకుని, పాడుకుంటూ చర్చివాళ్ళందరూ వీధులన్నీ తిరిగే పండగ. ముందు నడిచేది డోలక్. అంటే సుందరరాజు. డోలక్ లేని ఊరేగింపును తలచుకుంటే ఆయనకు అన్నం దిగలేదు. కట్టు ఒక్కరోజు విప్పి, మళ్ళీ తనే కట్టుకుంటే పోలా?

సరే, సలహాల యాత్ర మొదలైంది. ముందు శకుంతలమ్మను అడిగినాడు. "పెద్దాయన అంత గట్టిగా చెప్పినాడు. నీకు చెవులు లేవా?" అంది ఆమె. ఆడవాళ్ళకు భయం ఎక్కువలే అని పాస్టరుగారి దగ్గరికి పోయినాడు. "డోలక్ లేకపోతే చప్పట్లు కొట్టుకుందాం, చెయ్యి జాగ్రత్త" అన్నాడాయన. పాస్టరుగారికి సంగీతం తెలియదులే అనుకుని, చెక్క అమ్మే మునివెంకటప్పను అడిగినాడు. "ఏమప్పా, మేలో కాయ దిగుతుంది. పెట్టెలు నువ్వు కొడతావా, నీ డోలక్ కొడుతుందా?" అని ఆయన కసిరినాడు. పని గురించే తప్ప దేవుడి గురించి ఈయనకేం తెలుసులే అని, చివరికి సోడాబండి దొరస్వామిని పట్టుకుని మూడుసార్లు అడిగినాడు. బండి చుట్టూ జనం, చేతిలో గోలీసోడా. దొరస్వామికి విసుగొచ్చి, "నెప్పి లేదంటా ఉండావు గదప్పా, విప్పెయ్ పో!" అన్నాడు. సుందరరాజు ముఖం వెలిగిపోయింది. దొరస్వామి ఎంత తెలివైనవాడో ఇన్నాళ్ళూ తనకు తెలియనే లేదట!

శనివారం మధ్యాహ్నం. శకుంతలమ్మ చర్చి ఊడ్చడానికి పోయింది. సుందరరాజు వసారాలో కూర్చుని, గుడ్డ ముడి కింద ఉలి దూర్చినాడు. సరిగ్గా అప్పుడే నిర్మలమ్మ వచ్చింది. ఇంటింటికీ పోయి ప్రార్థన చేసే పెద్దావిడ, డెబ్బై దాటినాయి. చంకలో ఈతమట్టల కట్ట ఉంది. ఉలిని చూసింది. కట్టును చూసింది. మట్టలు కింద పెట్టి ఎదురుగా కూర్చుంది.

"ఏం చేస్తా ఉండావు రాజూ?"

"ఏం లేదు పెద్దమ్మా. విప్పేదా వద్దా అని వారంగా దేవుణ్ణి అడుగుతానే ఉండా. మోకాళ్ళు కాయలు కాసినాయి. జవాబే ఇయ్యలేదు."

"అట్లనా? పుత్తూరు పెద్దాయన ఏమన్న్యాడు?"

"వద్దన్న్యాడు."

"నీ పెళ్ళాము?"

"వద్దనింది."

"పాస్టరయ్యగారు? మునివెంకటప్ప?"

"వాళ్ళూ వద్దన్న్యారు గానీ..."

నిర్మలమ్మ పకపకా నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. "నలుగురితో చెప్పించినాడు గదరా నాయనా! ఇంకెంతమందిని పంపించాల నీకు? దేవుడు నేరుగా దిగివచ్చి నీ ఉలి లాక్కోవాల్నా? నువ్వు అడిగింది జవాబు కాదు రాజూ. నీ ఇష్టానికి ఊ అనే మనిషి కోసం తిరిగినావు. సోడాబండి కాడ దొరికినాడు."

సుందరరాజుకు సిగ్గు ముంచుకొచ్చింది. అంతమందీ తన మంచికే చెప్పినారు. తను మాత్రం ఒక్కొక్కరికీ ఒక్కో వంక పెట్టినాడు. ఉలి పక్కన పెట్టేసినాడు.

"మరి డోలక్ ఎవురు వాయిస్తారు పెద్దమ్మా?" అన్నాడు, చిన్నపిల్లవాడి మాదిరి.

"పన్నెండేళ్ళు నువ్వు సాయంత్రాలు సాధన చేస్తా ఉంటే, పక్కన చాట మీద తాళం వేసినదాన్ని అడిగినావా?"

ఆ సంగతి ఆయనకు ఎప్పుడూ తట్టలేదు. శకుంతలమ్మ చాట మీద వేళ్ళు ఆడించేది నిజమే. బియ్యం చెరుగుతా ఉంది అనుకునేవాడు!

మరునాడు పొద్దున ఊరేగింపు ముందు శకుంతలమ్మ నడిచింది. మెడలో డోలక్, కొంగు నడుముకు బిగించి. ఆడమనిషి డోలక్ ఏందమ్మా అని ఇద్దరు ముగ్గురు గొణిగినారు. రెండో వీధి తిరిగేసరికి వాళ్ళే గొంతెత్తి పాడినారు. సుందరరాజు ఎడమచేత్తో ఈతమట్ట పట్టుకుని వెనకాల నడిచినాడు. ఆమె దరువు కాస్త వేగం ఎక్కువైంది. చెప్పబోయినాడు. నోరు మూసుకున్నాడు. ఆ వేగానికే పిల్లలు గంతులు వేస్తున్నారు. సోడాబండి దగ్గర దొరస్వామి కట్టు వైపు చూసి, "విప్పలేదా? మంచిదప్పా! ఆ దినం ఏదో నిన్ను సాగనంపేదానికి అన్న్యా" అన్నాడు.

ఏప్రిల్లో పుత్తూరు పోయి మూడో కట్టు విప్పించుకున్నాడు. పక్క బల్ల మీద ఒకతను కూర్చుని ఉన్నాడు. కూతురి పెళ్ళిలో బాగుండదని తన కట్టు తనే విప్పుకున్నాడట. మణికట్టు వంకర తిరిగి, పిడికిలి పడటం లేదు. "మడువు నాయనా" అన్నాడు పెద్దాయన. సుందరరాజు తన వేళ్ళు మడిచినాడు. పిడికిలి గట్టిగా పడింది. పక్కవాడి చెయ్యి చూసి, తన చెయ్యి చూసుకుని, అక్కడే బల్ల మీద ఏడ్చేసినాడు.

ఇంటికి వచ్చినాక డోలక్ తెచ్చి శకుంతలమ్మ ముందర పెట్టినాడు.

"ఆ దినం వేసినావే వేగం దరువు, అది నాకు నేర్పించు" అన్నాడు.

ఆమె భర్తను కింద నుంచి పైదాకా చూసింది. "నేను చెప్తే వింటావా?"

"వింటా" అన్నాడు సుందరరాజు, చాప మీద కూర్చుంటూ.